మిక్సీ ఆగేదాకా

చిన్న పార్టీలకూ అధ్యక్ష ఎన్నికల చర్చలో చోటిచ్చినప్పటి నుంచి ఒహాయోలో వకుళ వంటింట్లో తెరగా పనిచేసే గోడ నోరు మూయడం లేదు. అభ్యర్థులందరినీ పూర్తిగా వింటేనే దాని మీద ఓటు తెరుచుకుంటుంది. మధ్యలో చప్పుడైతే ఆ ప్రసంగం మళ్ళీ మొదటికొస్తుంది.

"మిక్సీ జోలికెళ్ళకు! ఇంకొక్కరే," అన్నాడు భర్త శ్రీకర్.

"పచ్చడి లేకుండా ఎన్నాళ్ళు తినను?" వకుళ చేయి మిక్సీ మీదే తచ్చాడుతోంది.

ఎవరూ పేరు వినని పార్టీ మనిషి ఆఖర్న గోడ మీదికొచ్చింది. "వినీ వినీ విసిగిపోయుంటారు. ముందు మీ పని కానివ్వండి," అని తన సమయమంతా మౌనంగా కూర్చుంది.

వకుళ మిక్సీ వేసింది. మళ్ళీ మొదటికి రావడానికి అక్కడ ప్రసంగమే లేదు. గోంగూర నలిగేసరికి ఆ అభ్యర్థి సమయం అయిపోయి, ఓటు తెరుచుకుంది. పచ్చడి వేలితోనే ఆమె పేరు నొక్కేసింది.

"ఆవిడేం చెప్పిందనీ!" అన్నాడు శ్రీకర్.

"మనకీ పనులుంటాయని తట్టింది ఆవిడొక్కదానికే!"