నీ రెండో నంబరు ఎవరికి?

కిల్‌డెర్రిగ్ ఊరు దాటిన మలుపులో ఊనా నడుపుతున్న ప్రచారం వ్యాను బురదగుంటలో దిగబడింది.

వ్యాను పక్క రేకుమీది బొమ్మలో అభ్యర్థి మలాకీ నిలువెత్తున నవ్వుతున్నాడు. లోపల కూర్చున్న అసలు మలాకీ అంతకంటే ఎక్కువ నవ్వుతున్నాడు. చేతిలో ఆ రోజు పత్రిక ఉంది.

"ముప్పై ఒక్క శాతం! సర్వేలో మన పార్టీయే అందరికంటే పైన. ఇంకోసారి చదవనా?"

"పొద్దుట్నుంచీ అదే పారాయణం. ముందు దిగి తొయ్యి!"

"గెలవబోయేవాణ్ణి పట్టుకుని బురదలోకి దిగమంటావా?"

మలాకీ అంతకుముందు మూడుసార్లు ఓడాడు. మూడుసార్లూ అతని ప్రచారం మోసింది ఊనాయే. ఈసారీ ఓడితే పార్టీ మళ్లీ టికెట్ ఇవ్వదు. అందుకే ఆ అంకె చూసినప్పటినుంచి ఇద్దరికీ కాళ్లు నేలమీద ఆనడం లేదు.

రోడ్డు పక్క రాళ్లగోడ అవతల గొర్రెలను మళ్లిస్తున్న ఒక పెద్దాయన గోడ దాటి వచ్చాడు. పిలవకుండానే వ్యాను వెనక భుజం ఆనించాడు. చక్రం గిర్రున తిరిగి ఆయన ముఖం నిండా బురద కొట్టింది, వ్యాను మాత్రం గట్టెక్కింది.

"అయ్యయ్యో, ఏమనుకోకండి పెద్దాయనా!" అంది ఊనా, నవ్వు ఆగక.

"పర్లేదమ్మా. ఈ ముఖానికి ఏదో ఒకటి పుయ్యాలని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది."

మలాకీ కిటికీలోంచి పత్రిక ఊపాడు. "చూశారా? ఈసారి మాకు తిరుగులేదు!"

"ఆ ముక్క పైకి అనకు బాబూ. అన్నావో, మునిగావే."

"అదేంటి?"

"మనవాళ్ల సంగతి తెలీదా? 'మలాకీ ఎలాగూ గెలుస్తాడు, పాపం, ఆ వెనకబడ్డవాడికి వేద్దాం' అంటారు. జాలిగుండెలు మనవి. ఇంటింటా అలాగే జాలిపడితే నీ సీటు హుళక్కే."

మలాకీ పకపకా నవ్వాడు. గెలుపు కళ్లెదుట కనబడుతుంటే మంచిమాట చెవికెక్కదు.

"సరేగానీ అమ్మాయ్," అన్నాడు పెద్దాయన ఊనాతో, "నీ ఒకటో నంబరు ఎలాగూ మీవాడికే. రెండోది ఎవరికి?"

ఐర్లండ్‌లో ఒక్కో నియోజకవర్గానికి మూడు నుంచి ఐదు సీట్లు; ఓటంటే ముద్ర కాదు. పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేస్తారు. ఒకటో నంబరు మనిషి ఏదో రౌండులో అందరికంటే తక్కువ వచ్చి పోటీలోంచి పడిపోతే ఆ ఓటు రెండో నంబరు మనిషికి చేరుతుంది. అందుకే ఎన్నికల రోజుల్లో గడపగడపకూ వినిపించే ప్రశ్న ఇదే. దానికి వచ్చే జవాబుల్లో సగం ఉత్తుత్తివే.

"ఇంకెవరికి? మీకే! మాకోసం ఇంత బురద మింగారు."

"ఒట్టేనా?"

"ఒట్టు!"

"అయితే నాది మీవాడికి." ఆయన బురద చెయ్యి చాచాడు. ఊనా చేతిలో చెయ్యి వేసింది.

ఆ నవ్వు పక్క ఊరిదాకా సాగింది.

"పేరైనా అడగలేదు," అన్నాడు మలాకీ.

"అడిగితే టీకి కూర్చోబెట్టేవాడు. ఇంకా ఎన్ని ఇళ్లున్నాయో తెలుసా?"

మర్నాడే ఊనా ఆ ముప్పై ఒకటిని పోస్టర్ల మీదికి ఎక్కించింది.

లెక్కింపు రోజున హాల్లో మలాకీ ముఖం పాలిపోయింది.

'మా ఇంటిల్లిపాదీ నీకే' అన్న పెద్దమనుషులు ఎదురుపడి, "నీకేం ఢోకా లేదు కదా అని ఈసారి ఇంకొకరికి వేశాం బాబూ," అని భుజం తట్టి పోతున్నారు.

రౌండ్లు గడిచాయి. మిగిలింది ఆఖరి సీటు. దానికి మలాకీ రెండు వందల ఓట్లు వెనకబడి ఉన్నాడు. ఇక పంచాల్సినవి అప్పుడే పడిపోయిన డివానీ ఓట్లు మాత్రమే.

"ఎవడీ డివానీ?"

"ఆఖరి రోజు నామినేషన్ వేసిన ఇండిపెండెంటు. ఒక్క పోస్టరూ కట్టలేదు. సర్వేలో పేరు కూడా లేదు."

"వాడి ఓట్లు మనకొస్తాయా?"

"రావు. కోటు వేసుకో, పోదాం."

మలాకీ ఒక చెయ్యి కోటులో దూర్చాడో లేదో, లెక్కింపు బల్లల చుట్టూ కట్టిన కంచె దగ్గర ఓట్లు గమనిస్తున్న ముసలి కార్యకర్త కేకేశాడు. "ఇదేం చోద్యంరా! డివానీకి ఒకటి, మలాకీకి రెండు. మళ్లీ డివానీ, మళ్లీ మలాకీ! ఆగేలా లేదు!"

కాసేపట్లో మలాకీ జనం భుజాలమీద ఉన్నాడు. కోటు ఒక చేతికే వేలాడుతోంది. ఊనా ఏడుస్తూ నవ్వుతూ ఎవరు దొరికితే వాళ్లని కౌగలించుకుంది. తర్వాత హాలు చివర ఒక్కతే ఫ్లాస్కు సర్దుకుంటున్నావిడే డివానీ భార్య అని ఎవరో చూపిస్తే పరుగున వెళ్లింది.

"మేమెవరో, మీరెవరో! మా మలాకీకి ఎందుకమ్మా ఇంత సాయం?"

"మాటిచ్చాడమ్మా మా ఆయన. తిరిగిన ప్రతి ఇంట్లో 'నాకు ఒకటి, మలాకీకి రెండు' అని మరీ మరీ చెప్పాడు. నువ్వేనా ఆ వ్యాను నడిపే అమ్మాయివి?"

ఊనా తలూపింది.

"ఆయన గొర్రెలు చూసుకోవాలని ఇందాకే వెళ్లిపోయాడు. నీకు థాంక్స్ చెప్పమన్నాడు. పొద్దున కూడా ఇదే మాట. 'నాకు ఇంకెన్ని వచ్చినా రాకపోయినా, ఆ పిల్ల రెండో నంబరు ఒక్కటి మాత్రం ఖాయం' అని."

ఓటు కాగితం మీద మలాకీ పేరుకు సరిగ్గా పైన, బురద కడుక్కున్న ముఖంతో ఆ పెద్దాయన ఫొటో ఉండే ఉంటుంది. పోలింగు రోజున ఊనా మలాకీకి ఒకటి మాత్రమే వేసి, పైకీ కిందికీ చూడకుండానే కాగితం మడిచేసింది.