చెరగని పట్నం

గురువారం పొద్దున పదకొండింటికి మత అధ్యయన విభాగం హాల్లో ఎల్లవ్వ తన పెనిమిటి కొమరయ్య వేసిన చివరి పట్నాన్ని తొక్కింది.

పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో నేలమీద పట్నమనే రంగుల ముగ్గు వేసి ఎల్లమ్మ తల్లిని పిలవడం, పాట ముగిశాక దాన్ని కాళ్లతో చెరిపి తల్లిని సాగనంపడం బైండ్లవాళ్ల పద్ధతి. ఇప్పుడు ఊరూరా కొలుపులకు యంత్రాలే పట్నాలు వేస్తున్నాయి. వాటికి నేర్పింది కొమరయ్య చెయ్యే. ఆయన పోయి ఏడాదైంది. చివరి పట్నాన్ని విభాగం నమూనాగా దాచింది, చెరపనివ్వలేదు.

"తల్లి ఏడాదిసంది ఈడనే నిలబడ్డది బిడ్డా. కాళ్లు గుంజవా?" అంది ఎల్లవ్వ.

విభాగం పరిశోధకురాలు రోహిణి పట్నం చుట్టూ కట్టిన అద్దాల గది తలుపు తీసింది. "తొక్కు అవ్వా. నేను చూడలేదనుకో."

ఎల్లవ్వ పాడుతూ తొక్కింది. రంగులన్నీ కలిసిపోయాయి. ఆమె దండం పెట్టి లేచేసరికి నమూనా చెరిగితే తిరిగి వేసేలా పెట్టిన యంత్రం గోడలోంచి చెయ్యి చాచి పట్నం మళ్లీ వేసింది. ఓ మూల కొమరయ్య చెయ్యి వణికిన గీతనూ అలాగే వేసింది.

"దీన్ని ఆపు బిడ్డా."

"అది నా చేతిల లేదవ్వా."

ఎల్లవ్వ ఆ గీత పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత కొంగు నడుముకు దోపి పాట మొదటినుంచి ఎత్తుకుంది. సాయంత్రం హాలు మూసే వేళకు ఇంకా తొక్కుతూనే ఉంది.