ఊళ్ళోకెల్లా ఎక్కువ పొగ పీల్చిన మనిషి

దగ్గరికి జరగండి, ఇంకా దగ్గరికి. ఆ గోడవార గుసగుసలు ఆపండి. ఇది గాలి లెక్క కథ. మీరు మాట్లాడుతుంటే నా ఊపిరి వృథా.

"ఇరవై మందికి పెట్టెలిచ్చాం. అందరికంటే ఎక్కువ పొగ మీ పెట్టెలోనే ఉంది సార్!" అంది పొగ లెక్కలు తీసే మేడమ్, కానిస్టేబుల్ ఇంటి వాకిట్లో నిలబడి కాగితం పైకెత్తి.

ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ జానెడు పొంగింది. చొక్కా గుండీ ఎగిరి ఎదురింటి కిటికీ అద్దం పగిలిందంటారు. గుండీని నేను చూడలేదు కానీ పగిలిన అద్దం చూశాను.

మామూలు మనిషి రోజుకి సగటున ఎంత పొగ పీలుస్తాడో తేల్చడానికి, ఆవిడ వారం కిందట పొగ కొలిచే, అగ్గిపెట్టెకి అన్నలాంటి పెట్టెలు పంచింది. మెడలో తగిలించుకోమంది. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళు పనిచేసే చోట, మంచి గాలి వచ్చే అద్దాల గది కట్టిస్తామంది. పన్నెండేళ్ళుగా నాలుగు రోడ్ల మధ్య నిలబడుతున్న కానిస్టేబుల్‌కి ఆ గది మీదే ప్రాణం. లారీ మెకానిక్ అయిన అతని బావమరిదికీ తన షెడ్డులో అదే గది కావాలి.

"రోజూ లారీ గొట్టంలో తల దూర్చేవాణ్ణి బావా! నన్నే దాటేశావా?" అన్నాడు మెకానిక్, మొహం మాడ్చుకుని.

"తల దూరిస్తే సరిపోదురా, ఊపిరి లాగాలి. నేను విజిల్ వేస్తే అందులోంచి కూడా పొగే వస్తుంది, తెలుసా?"

మేడమ్ కాగితం మీద వేలు పెట్టింది. "చిత్రమేంటంటే, రోజూ పొద్దున ఆరున్నరకీ, సాయంత్రం ఏడింటికీ పొగ ఒక్కసారిగా పైకి లేచింది."

"అప్పుడే కదండీ బళ్ళన్నీ వచ్చి నా మీద పడేది!"

"పెట్టెని జాగ్రత్తగా ఉంచారా?"

"పసిపిల్లలా చూసుకున్నా మేడమ్. ఎండ తగలనిచ్చానా? చినుకు పడనిచ్చానా? గవర్నమెంటు సొత్తాయె. ఒక్క గీత ఉందేమో చూడండి!"

గీత లేదు. కాస్త మసి ఉంది, అంతే.

ఇంతలో లోపల్నించి అతని భార్య దగ్గుతూ, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"చూశారా, ఆనందబాష్పాలు!" అన్నాడు కానిస్టేబుల్.

"అది కాదండీ, ఆ పెట్టె..."

"నువ్వుండవే! నీ మొగుడు ఊరి పొగంతా ఒక్కడే పీల్చేశాడు. ముందు అందరికీ టీ పెట్టు."

ఆవిడ దగ్గుతూనే లోపలికి వెళ్ళింది. మెకానిక్ ఏడుపు మొహం పక్కన పెట్టి బావని భుజాల మీదకి ఎత్తుకున్నాడు.

"ఎంతైనా మా బావ! మా ఇంటి ఊపిరితిత్తులు!"

చప్పట్లకి కాకులు లేచిపోయాయి. మేడమ్ కలం తీసింది.

"చెప్పండి సార్, గది ఎటువైపు కట్టమంటారు? సిగ్నల్ స్తంభం దగ్గరా, దుకాణాల వైపా?"

కానిస్టేబుల్ బావమరిది భుజాల మీద రాజులా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. అంతవరకూ మెట్ల మీద కునుకుతున్న పక్కింటి తాత ఒక కన్ను తెరిచి అన్నాడు:

"ఆ అమ్మాయి కట్టెల పొయ్యి చుట్టూ కట్టండి, వారమంతా పెట్టె అక్కడే వేలాడింది!"