మెడ దాకా మన్ను

మధులత కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి గేటు తీసేసరికి, వరండా గట్టు మీద ఉండాల్సిన టమాటా మొక్కలు లేవు.

తూర్పు గోడ పక్కన మట్టిలో కనిపించాయి, వరసగా పన్నెండూ.

మొక్కలు అనడానికి లేదు. జానెడు పొడుగున్నవాటికి కొసన నాలుగాకులు మాత్రమే పైకి ఉన్నాయి. మిగతాదంతా మట్టిలోనే. గిల్లేసిన కింది ఆకులు పక్కన కుప్పగా పడున్నాయి.

పత్తికొండ శివార్లలోని ఈ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వచ్చి ఆమెకు ఐదు నెలలు. మార్కెట్ యార్డు నిండా టమాటా గంపలు కనిపించే ఊళ్లో నాలుగు మొక్కలు పెంచలేనా అనుకుంది. ఫోన్‌లో వీడియోలు చూసి ట్రేలో విత్తనాలు వేసింది. ఎండకు మాడిపోతాయని నీడన పెట్టింది. రెండు పూటలా నీళ్లు పోసింది.

అవి పాలిపోయి, దారాల్లా సాగి, ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. చీపురు పుల్లలు గుచ్చి కట్టినా నిలబడలేదు.

"ఎవరు పీకినారు వీటిని?"

పక్కింటి హనుమంతమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"రోడ్డు ఊడ్సే ఆమె మధ్యాన్నం మీ గేటు తీసుకోని లోపలికి పోయినాది. మీరే చెప్పినారేమో అనుకుంటి."

మధులతకు ఆ మనిషి గుర్తొచ్చింది. వారం కిందట గేటు దగ్గర ఆగి, "నారు సాగిపోయిండాదమ్మా. నీళ్లు తగ్గించి ఎండలో పెట్టు" అంది. నీ పని నువ్వు చూసుకో అని తను లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె చీపురుతో రాగానే మధులత ఎదురు వెళ్లింది.

"ఎవరిని అడిగి లోపలికొచ్చినావ్?"

"నిన్న చూస్తే రెండు మొక్కలు నడుముకాడ వాలిపోయిండాయమ్మా. ఇంగో దినముంటే అన్నీ పోతాయి. మనసొప్పక నాటితిని."

"మెడ దాకా పూడిస్తే చచ్చిపోవా?"

"టమాటా కాండం మన్నులో పడితే సాలు, దానికే యేర్లు పుడతాయి. రెండు వారాలు ఓర్సుకో తల్లీ."

"నువ్వేం చెప్పొద్దు. ఇంకోసారి గేటు దాటితే బాగుండదు."

"సరేలేమ్మా."

ఆమె వంగి, వదిలిన చోటి నుంచి ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది.

మధులతకు కోపం తగ్గలేదు. కాలనీ కమిటీ పనులు చూసే వీరభద్రకు ఫోన్ చేసింది.

"ఈరోజు మొక్కలు ముట్టుకుంది. రేపు ఇంట్లో ఏం పోతుందో ఎవరికి తెలుసు?"

"రేపట్నుంచి రాదులెండి మేడమ్."

రాలేదు. ఊడ్చడానికి వేరే మనిషి వచ్చాడు.

మొక్కలను పీకి పారేద్దామనుకుంది కానీ తీరిక దొరకలేదు. పదిహేను రోజుల తర్వాత ఒక కుక్క గోడ పక్కన గోకి ఒక మొక్కను బయటికి లాగింది. మధులత దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. పూడ్చిన కాండం పొడుగునా తెల్లటి వేర్లు, కుచ్చుల్లాగా.

ఆ మొక్కను తిరిగి మెడ దాకా పూడ్చింది.

సంక్రాంతి సెలవులు అయిపోయేసరికి కాండాలు వేలి లావున నిలబడ్డాయి. గుత్తులు బరువుకు వంగుతున్నాయి. తొలి కాయలు పండగానే మధులత వీరభద్రను అడిగింది.

"ఆ ఊడ్చే ఆమె పేరేంది?"

"యా ఆమె?"

"నా మాట మీద మీరు తీసేసిన ఆమె."

"కృపమణి. చర్చి ఎనక వీధి. ఏం మేడమ్, మళ్లీ ఏమన్నా చేసినాదా?"

"లేదు. పనిలోకి తీసుకోండి. తప్పు నాది."

ఆదివారం సంచి నిండా టమాటాలు కోసుకుని వెతుక్కుంటూ వెళ్లింది. ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటి అరుగు మీద సోమక్క అనే ముసలామె వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"కృపమణి యాడికి పోయింది?"

"మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్క పోయినారమ్మా, పిల్లోల్లతో సహా. ఊడ్సే పని ఉంటే పోయేది కాదు. యవరో దొంగతనం అంటగట్టినారంట."

మధులత సంచిని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"ఎప్పుడొస్తారు?"

"కోతలయినాక. ఈడ సేసేదేముండాది, వస్తారో రారో."

"టమాటా పని ఆమెకు బాగా తెలుసు. ఎవరి దగ్గర కూలి చేసేది?"

సోమక్క ఒలవడం ఆపి నవ్వింది.

"కూలేందమ్మా! కౌలు సేద్యం ఆమెది. తోడు లేకున్నా ఒక్కతే నిలబడి చేసినాది. నారు పోయాలన్నా, తెగులొచ్చినా సుట్టుపక్కల రైతులు ఈ గడపకే వస్తాండ్రి."

"మరి ఎందుకు మానేసింది?"

"భూమి గలోల్లు అమ్ముకున్నారు. ఆమె ఏం సేస్తాది?"

"ఎక్కడ ఆ చేను?"

"యాడో కాదమ్మా, ప్లాట్లు ఏసి మీరంతా ఇండ్లు కట్టుకున్నారే, ఆ కాలనీ ఉండే తావంతా పద్దెనిమిదేండ్లు కృపమణి టమాటా చేనే."