‘క’ ఏ రంగు?

“పై వరస చదువమ్మా,” అన్నారు భీమవరం కంటి డాక్టరుగారు.

“ఎర్ర ‘క’, పసుపు ‘మ’...” మొదలెట్టింది ఎనిమిదేళ్ళ భవ్య.

“చూశారాండీ! వారం నుంచీ ఇదే గోల. దీని కళ్ళు పాడైపోయాయండీ,” అంది మామ్మ జానకీదేవి.

డాక్టరుగారు టార్చి వేసి చూశారు. “కళ్ళు భేషుగ్గా ఉన్నాయండీ. కొందరికి పుట్టుకతోనే అక్షరాలు రంగుల్లో కనిపిస్తాయి. జబ్బేం కాదు.”

“కొందరికేంటండీ, అందరికీ అంతేగా! నీలం ‘క’ దీనికి ఎర్రగా కనిపిస్తోందనే నా బెంగ.”

భవ్య కుర్చీలోంచి దూకింది. “మామ్మా, మరి ‘ర’?”

“వంగపండు రంగు.”

“నాకూ అదే!”

డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని బోర్డు వైపు చూశారు. అక్షరాలన్నీ నల్లగానే ఉన్నాయి.