సంఘానికి ఒక్క సీటు

బైబిలు వాక్యం చదివి కూర్చోబోతుంటే బంగారమ్మ పుస్తకంలోంచి ఒక కాగితం జారి కింద పడింది.

పక్కనున్న కొత్తమ్మాయి తీసి ఇచ్చింది. ఇస్తూ చూసింది.

మాటలు తెలుగువే. అక్షరాలు మాత్రం హిందీవి.

బంగారమ్మ ముఖం కందిపోయింది. హిందీ బడిలో చదివిన పిల్ల. చదువు రాని తల్లి కంఠతా వచ్చిన వాక్యాలు చెబుతుంటే హిందీ అక్షరాల్లో రాసుకుని, చూసి చదివేది. టాటానగర్‌లోని కద్మా తెలుగు సంఘంలో ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు.

కొత్తమ్మాయి పేరు కస్తూరమ్మ. పలాస దగ్గర పల్లె. భాలుబాసా బస్తీలో పిన్ని ఇంటికి వచ్చానంది.

సంఘపెద్ద సన్యాసిరావు ఆమెనీ చదవమన్నాడు.

ఆమె చదువుతుంటే చంటిపిల్లలు కూడా అల్లరి మానేశారు.

“ఏటి చదువమ్మా అది!” అన్నాడు సన్యాసిరావు. “ఈ పిల్ల అర్జీ పెడితే సెమినరీ సీటు ఖాయం.”

బంగారమ్మ చేతిలోని కాగితాన్ని నలిపేసింది.

బైబిలు చదువు చెప్పే ఆంధ్రాలోని ఆ సెమినరీ డెబ్భై ఎనిమిదిలో ఆడపిల్లలకి సంఘానికి ఒక్క ఉచిత సీటు ఇస్తానంది. చదువు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. సంఘంలో మూడేళ్ళ సభ్యత్వం ఉండాలి. తెలుగు చదవడం, రాయడం రావాలి. టాటానగర్ లోకో షెడ్డు ఖలాసీ కూతురికి పైచదువుకి అంతకన్నా వేరే దారి లేదు. పరీక్ష వచ్చే నెల. అర్జీ పెట్టింది బంగారమ్మ ఒక్కతే.

ఆ రాత్రి అన్నాల దగ్గర తల్లి అంది, “ఆ కస్తూరమ్మ గొంతు తేనె గదే!”

బంగారమ్మ కంచం తోసేసి లేచిపోయింది.

రెండు రోజుల తర్వాత కస్తూరమ్మే వెతుక్కుంటూ వచ్చింది.

“బంగారం, సాయంకాలం ఓ గంట నా కాడికి వత్తావేటి? కలిసి చదువుకుందాం.”

“క్యోం? నాకు రాదని ఊరంతా చాటడానికా?”

“ఎవులికీ చెప్పనమ్మా. నీతో ఒక మాట...”

“నీ మాటలు నాకొద్దు. నా సీటు మీద కన్నేసి, నాకే చదువు చెప్తావా?”

కస్తూరమ్మ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. బంగారమ్మ తలుపు తీయలేదు.

ఆదివారం ప్రార్థనకి ముందు సన్యాసిరావు దగ్గరికి వెళ్ళింది.

“పెదనాన్నా, ఆ కస్తూరమ్మకి ఇక్కడ మూడేళ్ళ సభ్యత్వం లేదు కదా. ఆమె పేరెలా పంపుతావు?”

రూలంటే సన్యాసిరావుకి ప్రాణం. ప్రార్థన కాగానే కస్తూరమ్మని అందరి ముందూ అడిగాడు.

“అమ్మా, ఈ సంఘంలో నీకు సభ్యత్వం ఉందేటి?”

“లేదండి.”

“మరైతే నువ్వు అర్జీ పెట్టకూడదు. ఏటీ అనుకోకు.”

“అనుకోనండి.”

కస్తూరమ్మ తలతిప్పి బంగారమ్మ వైపు చూసింది. కాగితం సంగతి ఇప్పుడు బయటపెడుతుందనుకుంది బంగారమ్మ.

పెట్టలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు బండెక్కేసిందని తెలిసింది. ఆ పూట బంగారమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది.

పరీక్షకి సెమినరీ నుంచి రమాదేవిగారు వచ్చారు. కంఠతా వచ్చిన వాక్యాలు చదివిస్తారనుకుంది బంగారమ్మ. ఆవిడ సంచిలోంచి తెలుగు పేపరు తీశారు.

“ఈ నాలుగు లైన్లు చదువమ్మా.”

బంగారమ్మ వేలు అక్షరాల మీద కదిలింది. పెదవి కదల్లేదు.

ఆవిడ పేపరు మడిచారు.

“చదవడం రాకపోతే సీటివ్వడానికి వీల్లేదు తల్లీ.”

“ఒక్క నెల టైమివ్వండి మేడమ్. నేర్చుకుంటాను.”

“ఇచ్చాం కదమ్మా. ఇటువైపు పిల్లలకి తెలుగు అక్షరాలు రావని మాకు తెలుసు. అందుకే నెల ముందే నేర్పే మనిషిని పంపుతాం. నలుగురికీ తెలిస్తే పిల్లలు చిన్నబోతారని, చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉండమంటాం.”

“మా ఊరికెవరూ రాలేదండి.”

“రాకపోవడమేమిటి? ఇక్కడ తన అవసరం లేదంటూ పది రోజులకే తిరిగొచ్చేసింది మా కస్తూరమ్మ.”