అస్కా బండి

“ఇసకలో ఎంత దిగినా నాలుగు చక్రాలూ లాగేత్తాయక్కా. నీ కోసం రెండ్రోజులు కూకుని పెద్ద టైర్లేసి, బండి ఎత్తు పెంచినాను,” అన్నాడు తమ్ముడు కాసులు.

ఒడ్డు నుంచి చేపల గంపలు తెచ్చుకోవడానికని, పడవలో తన వాటా అమ్మిన డబ్బిచ్చి పాత పికప్ ఒకటి కొనమంది కన్నమ్మ.

“సంద్రం మొకం సూసిన బండి వొద్దన్నాను. ఉప్పుకి ఇనుము నిలవదురా.”

“ఇది అస్కా బండే, ఒరిస్సాలో సంద్రానికి దూరంగా ఉన్న ఊరిది. సెరుకు తప్ప ఏటీ మొయ్యలేదు.”

కన్నమ్మ బండి కిందకి దూరింది. కొత్త నల్లరంగును గోటితో గీకితే తుప్పు పెచ్చులుగా ఊడి, వాటి వెనక నుంచి ఇసక రాలింది. నాలుకకు తగిలించి చూసింది. ఉప్పగా ఉంది.

“అస్కాకి సంద్రం ఎప్పుడొచ్చిందిరా?”

కాసులు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పొద్దున అతని చేతులకంటిన నల్లరంగును కిరసనాయిలుతో తనే కడిగింది, నా కోసం ఎంత కష్టపడ్డాడో అనుకుంటూ.